ఉపాధ్యాయుడూ, మూత విప్పని యంత్రమూ

1

ఉపాధ్యాయ శిక్షణలో కంప్యూటరుకు స్థానం కల్పించామని మన ప్రభుత్వాలు చాలాకాలంగా చెప్పుకుంటున్నాయి. కల్పించిన మాట నిజమే. 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి బి.ఎడ్. చదువును రెండేళ్ళకు పెంచినప్పుడు, సమాచార సాంకేతికతను విమర్శనాత్మకంగా అర్థం చేసుకోవడం అనే అంశాన్ని పాఠ్యప్రణాళికలో చేర్చింది. "విమర్శనాత్మకంగా" అనే మాట కనిపించినందుకు మనబోటివాళ్ళం సంతోషించవలసిందే. కాని ఆ పేరుకింద కాలేజీల్లో జరుగుతున్నదేమిటో చూస్తే ఆ సంతోషం ఎంతోసేపు నిలవదు. విద్యార్థి పది స్లైడ్లు తయారు చేస్తాడు. ఒక మెయిలు పంపుతాడు. ఒక వీడియో దించుకుంటాడు. పై తరగతివాళ్ళ రికార్డు చూసి తన రికార్డు రాసుకుంటాడు. మార్కులు పడతాయి. రేపు బడిలో అడుగుపెట్టే ఈ కొత్త ఉపాధ్యాయుడు యంత్రం మూతకింద ఏముందో చూసి వుండడు. గోడలోంచి వచ్చే తీగ ఎక్కడికి పోతుందో అడిగి వుండడు. తాను కొట్టిన పాస్‌వర్డు ఎవరెవరి చేతుల్లో పడవచ్చునో ఆలోచించి వుండడు.

ఈ లోపం ఏదో పొరపాటున జరిగినది కాదని నా అభిప్రాయం. దీని వెనుక ఒక దృష్టి వుంది. ఉపాధ్యాయుడు యంత్రాన్ని వాడితే చాలు, యంత్రాన్ని తెలుసుకోవలసిన అవసరం లేదు అన్నదే ఆ దృష్టి. దీన్ని అధికారులూ, సరుకు అమ్ముకునే కంపెనీలూ బలపరచడంలో ఆశ్చర్యం లేదు. మనలోనే కొందరు మిత్రులు, అభ్యుదయం పేరుతోనే, దీనికి కొమ్ముకాయడం మాత్రం విచారించవలసిన విషయం. ఈ వ్యాసం ముఖ్యంగా వారిని వుద్దేశించినది.

తెలుగు సాహిత్యం చెప్పుకుంటూ బతికేవాడికి ఈ తీగల గొడవ ఎందుకని అడిగేవారున్నారు. అచ్చు యంత్రం గొడవ మన పూర్వరచయితలకు ఎందుకు పట్టిందో ఈ గొడవ నాకూ అందుకే పట్టింది. వారిలో చాలామందికి అచ్చాఫీసు పరాయి ఇల్లు కాదు. టైపు కేసులో ఏ గడిలో ఏ అక్షరం వుంటుందో తెలిసినవారూ, ప్రూఫులు తామే దిద్దుకున్నవారూ, అవసరమైతే రాత్రికి రాత్రి సైక్లోస్టైలు యంత్రం తిప్పినవారూ వారిలో వున్నారు. తమ మాట ఏ యంత్రం గుండా జనానికి చేరుతుందో ఆ యంత్రాన్ని తెలుసుకోవడం తమ గౌరవానికి భంగమని వారెన్నడూ అనుకోలేదు. ఈనాడు మన మాట చేరే యంత్రం ఇది. దీని ముందు మనం చేతులు కట్టుకుని నిలబడ్డాం.

2

మన పాఠశాలల్లో కంప్యూటరు గదిని చూడనివారుండరు. గుమ్మం ముందు చెప్పులు విడవాలి. యంత్రాలమీద గుడ్డలు కప్పి వుంటాయి. తాళంచెవి హెడ్మాస్టరుగారి బీరువాలో వుంటుంది. దసరాకు మానిటరు నొసట పసుపూ కుంకుమా పెడతారు. గర్భగుడికి తక్కువైనదేమిటయ్యా అంటే పూజారి ఒక్కడే. దుమ్ము పడకూడదని చెప్పులు విడిపిస్తున్నామంటారు. కాని ఆ గదిలోనే కేబినెట్టు పక్క మూత విప్పి, ప్రాసెసరు మీది ఫ్యానుకు అట్టలు కట్టిన దుమ్మును దులిపినవారు ఒక్కరు కనపడరు. ఆ దుమ్మువల్లనే వేడెక్కి యంత్రం దానంతటది ఆగిపోతుంటే, "ఇది పాతబడిపోయింది" అని పక్కకు నెట్టేస్తారు.

ఇది మూఢభక్తి అని నవ్వి వూరుకుంటే సరిపోదు. భక్తికి కింద భయముంది. భయానికి కింద స్టాకు రిజిస్టరుంది. వస్తువు పాడైతే ఎవరి సంతకం వుందో వారి జీతంలోంచి కోస్తారేమోనని ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. కనుక అందరికంటె క్షేమమైన మార్గం తాళం వేయడం. యంత్రం ముట్టుకుంటే శిక్ష, ముట్టుకోకపోతే శిక్ష లేదు అనే ఏర్పాటులో ఎవరు మాత్రం ముట్టుకుంటారు?

ఒక శిక్షణ కాలేజీలో ప్రాక్టికలు పరీక్షకు వెళ్ళినప్పుడు చూశాను. గదిలో యంత్రాలు ఇరవై. పనిచేసేవి ఆరు. ఒక్కొక్క దాని చుట్టూ ఎనిమిదిమంది మూగి వున్నారు. మిగిలిన వాటి సంగతేమిటని ఒక విద్యార్థిని అడిగాను.

"వెండరు రావాలి సార్."

"ఎన్నాళ్ళయింది పాడై?"

"మా ముందు బ్యాచి నుంచి సార్."

ఆ పద్నాలుగు యంత్రాలకు వచ్చిన రోగమేమిటో అక్కడ ఎవరికీ తెలియదు. తెలుసుకోవడం తమ పని అని కూడా ఎవరూ అనుకోలేదు. ఉపాధ్యాయులను తయారుచేసే చోట, కళ్ళముందు పద్నాలుగు పాఠాలు గుడ్డకప్పుకుని కూర్చున్నాయి. వాటిని విప్పి చూడకుండా, కంప్యూటరు అంటే ఏమిటో నిర్వచనం రాయించి మార్కులు వేశారు.

3

ఈ పరిస్థితికి చరిత్ర వుంది. పాఠశాలల్లో కంప్యూటర్లు పెట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2004 డిసెంబరులో ఒక పథకం ప్రారంభించింది. దానికింద 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి. వచ్చిన పద్ధతిని "బూట్" అన్నారు. అంటే కంపెనీయే కట్టాలి, సొంతం చేసుకోవాలి, నడపాలి, అయిదేళ్ళ తరువాత ప్రభుత్వానికి అప్పగించాలి. కంపెనీ యంత్రాలు తెచ్చింది. చాలీచాలని జీతానికి బోధకులనూ కంపెనీయే పెట్టింది. బడిలోని ఉపాధ్యాయుడు చూస్తూ నిలబడ్డాడు. 2013లో గడువు తీరింది. బోధకులు వీధిన పడ్డారు. యంత్రాలు బడులకు దక్కాయి.

అప్పగించినదేమిటో ఒక్కసారి లెక్క వేద్దాం. అయిదేళ్ళు అరిగిన యంత్రాలు అప్పగించారు. వాటిని బాగుచేసే నేర్పు అప్పగించలేదు. ఆ నేర్పు వున్న యువకులను తొలగించారు. దాన్ని ఉపాధ్యాయులకు నేర్పవలసిన నిబంధనకు ఎవరూ ప్రాణం పోయలేదు. జ్ఞానం వచ్చిన దారినే వెళ్ళిపోయింది, ఇనుము మిగిలింది. మరమ్మతు చేతగాని చోట మంచి యంత్రానికీ చెడిన యంత్రానికీ నడుమ దూరం ఒక్క వేసవి సెలవులే.

ఆ తరువాత ప్రభుత్వాలు మారాయి, సరుకు మారింది, పద్ధతి మారలేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ, ఉపాధ్యాయులకూ ట్యాబులు పంచింది. వాటిలో నింపిన పాఠాలు బైజూస్ అనే కంపెనీవి. 2024 జూలైలో అదే కంపెనీ మీద దివాలా విచారణ మొదలైంది. ఒక వ్యాపార సంస్థ ఆయుష్షుకు పాఠాన్ని ముడిపెడితే ఏమవుతుందో ఇంతకంటె విడమరచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మరొక సంగతి. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు మామూలు మద్దతు ఆపివేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఆ కంపెనీ ఆమోదించిన కొత్త ప్రాసెసరు వుండాలి. మన బడుల్లోని పాత యంత్రాల్లో అనేకం ఆ పరీక్షలో నెగ్గవు. అవి పాడైపోయాయా? లేదు. నిన్న పనిచేసినట్టే నేడూ పనిచేస్తాయి. కాకపోతే కొత్తగా బయటపడే లోపాలకు అతుకులు రావు. ఉచితంగా దొరికే లినక్సు పెన్‌డ్రైవుమీదికి ఎక్కించుకుని, ఆ యంత్రంలో వేసుకోవడం ఒక పూట పని. ఆ పని తెలిసిన ఉపాధ్యాయుడున్న బడిలో ఆ యంత్రం మరి కొన్నేళ్ళు పిల్లలకు ఉపయోగపడుతుంది. తెలియనిచోట "పనికిరానివి" అనే కాగితం మీద సంతకం పడుతుంది, కొత్త టెండరు పిలుస్తారు. ఉపాధ్యాయుడి అజ్ఞానం ఎవరికి లాభమో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

4

ఇది తప్పనిసరి దుస్థితి కాదనడానికి మన పొరుగున కేరళ వుంది. అక్కడ 2001లో ఐటీ ఎట్ స్కూల్ అనే పథకం మొదలయింది. మొదట అక్కడా పాఠ్యపుస్తకం విండోస్ చుట్టూనే తిరిగింది. దానికి అభ్యంతరం లేవదీసినవారిలో అక్కడి ఉపాధ్యాయ సంఘం ముందు నిలబడింది. పిల్లలకు నేర్పవలసింది కంప్యూటరునా, ఒక కంపెనీ సరుకునా అన్నది వారు వేసిన ప్రశ్న. క్రమంగా అక్కడి బడులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు, లినక్సుకు మళ్ళాయి.

అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటుంది. శిక్షకులను వారు కంపెనీలనుంచి అద్దెకు తెచ్చుకోలేదు, పాఠాలు చెప్పే ఉపాధ్యాయులనుంచే తయారు చేసుకున్నారు. బడిలో ఒక ఉపాధ్యాయుడికి సమన్వయకర్త బాధ్యత ఇచ్చారు. హార్డ్‌వేరు క్లినిక్కులు పెట్టి, మూలపడిన యంత్రాలను ఉపాధ్యాయులూ పిల్లలూ కలిసి విప్పి బాగుచేసుకున్నారు. 2017లో ఆ పథకం కైట్ అనే ప్రభుత్వ సంస్థగా మారింది. 2018లో లిటిల్ కైట్స్ అనే విద్యార్థి సంఘాలు వచ్చాయి. హార్డ్‌వేరు, సైబర్ భద్రత, మలయాళంలో కంప్యూటరు వాడకం ఆ పిల్లలు నేర్చుకునే విషయాల్లో వున్నాయి. కేరళలో కొరతలు లేవని నేననడం లేదు. అక్కడ ఉపాధ్యాయుడు మూత విప్పాడు, అతను విప్పినందుకు కొంప మునగలేదు. నేను చెప్పేది ఇంతే.

5

సరే, కొత్త ఉపాధ్యాయుడికి నేర్పవలసిందేమిటి? ఇంజనీరును చేయాలని ఎవరూ కోరడం లేదు. మూడు విషయాల్లో పునాది చాలు: పెట్టె, తీగ, తాళం.

మొదటిది పెట్టె. విద్యుత్తు ఆపి, ప్లగ్గు పీకి, మూత విప్పడం. మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యాము, డిస్కు, ఎస్ఎంపీఎస్ ఏవో గుర్తుపట్టడం. ర్యాము పలకను ఊడదీసి, దాని బంగారు రంగు పళ్ళను రబ్బరుతో తుడిచి తిరిగి పెట్టడం. తెర వెలగక, కుయ్ కుయ్ మంటూ వుండిపోయిన యంత్రం అనేకసార్లు ఈ చిన్న పనితోనే లేస్తుంది. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకూడదనీ, ప్లగ్గు పీకిన తరువాత కూడా దాని కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి వుంటుందనీ తెలుసుకోవడం. కేబినెట్టు తాకితే చేయి జివ్వుమంటున్నదంటే యంత్రానిది కాదు దోషం, గోడలోని సాకెట్టుకు ఎర్తింగు లేదని గ్రహించడం. ఈ ఒక్క విషయం తెలిసిన ఉపాధ్యాయుడు పిల్లల ప్రాణానికి కాపలా కాస్తాడు.

రెండవది తీగ. నెట్‌వర్కు కేబులులో ఎనిమిది తీగలుంటాయి, జంటజంటలుగా మెలితిప్పి వుంటాయి. బయటి విద్యుత్ రొద ఒక తీగమీద పడినట్టే దాని జంటమీదా పడి, కొసలో ఆ రెండూ కొట్టివేసుకోవడానికే ఆ మెలిక. కనుక కొసకు క్లిప్పు కొట్టేటప్పుడు తోచిన వరసలో తీగలు పెట్టకూడదు. నారింజ చార, నారింజ, ఆకుపచ్చ చార, నీలం, నీలం చార, ఆకుపచ్చ, గోధుమ చార, గోధుమ అనేది వాడుకలో వున్న వరస. రెండువైపులా ఒకే వరస తప్పు పెట్టినా దగ్గర దూరానికి పనిచేయవచ్చు, దూరం పెరిగేసరికి తడబడుతుంది. ఎందుకంటే జంటలు విడిపోయాయి. ఎంత బాగా కొట్టినా ఆ కేబులు 100 మీటర్లకు మించి లాగరాదు. ఇక నెట్టు రానప్పుడు విండోస్ యంత్రం చిరునామా 169.254తో మొదలవుతున్నదా, 192.168తో మొదలవుతున్నదా చూస్తే రోగం సగం తెలుస్తుంది. మొదటిదైతే రౌటరు నుంచి చిరునామాయే అందలేదు. కాబట్టి కేబులో, స్విచ్చో, రౌటరో చూడాలి. రెండవదైతే మామూలుగా బడిలోపలి దారి బాగానే వుంది, బయటి దారి చూడాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? పొలానికి నీరు రాకపోతే పిల్లకాలువ దగ్గరినుంచి తూముదాకా నడిచి వెదికే రైతు తర్కమే ఇది.

మూడవది తాళం, అంటే భద్రత. మనవాళ్ళు అందరికంటె తేలికగా తీసుకునేదీ, అందరికంటె ప్రమాదకరమైనదీ ఇదే. మన బడుల్లో లాగిన్ పేరూ పాస్‌వర్డూ గోడమీద కాగితంపై అంటించి వుంటాయి. లేదా నెట్ సెంటరు కుర్రవాడి నోటుబుక్కులో వుంటాయి. ఆ తాళం వెనుక వున్నదేమిటి? పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, కులం, ఆధార్ అంకె, తల్లి బ్యాంకు ఖాతా, ఫోను నంబరు. ఊళ్ళో ఏ షావుకారూ తన పద్దుపుస్తకాన్ని ఇంత నిర్లక్ష్యంగా అరుగుమీద పడేయడు.

ఈ మూడూ వేరువేరు విద్యలనుకోవడం కూడా సరికాదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. మదర్‌బోర్డుమీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ వుంటుంది. అది అయిపోతే, కరెంటు తీసినప్పుడల్లా యంత్రం తేదీ మరచిపోయి ఎన్నో ఏళ్ళ వెనక్కి పోతుంది. ప్రతి భద్రమైన వెబ్‌సైటుకూ ఫలానా తేదీనుంచి ఫలానా తేదీ వరకు చెల్లే గుర్తింపుపత్రం వుంటుంది. యంత్రం వెనకటి కాలంలో వుంది గనుక ఆ పత్రం ఇంకా పుట్టలేదనుకుని, "ఈ దారి భద్రం కాదు" అని హెచ్చరిస్తుంది. సంగతి తెలియని మాస్టారు "ఏం ఫరవాలేదు, ముందుకు పో నొక్కండి" అని పిల్లలకు చెబుతాడు. కొద్ది రూపాయల బ్యాటరీ మార్చడం తెలియకపోవడంవల్ల, ప్రమాద హెచ్చరికను లెక్కచేయకుండా దాటిపోవడం అనే దురలవాటును ఒక తరగతి మొత్తానికి నేర్పాడు. రేపు నిజంగా దొంగ వెబ్‌సైటు ఎదురైనప్పుడు ఆ పిల్లలు ఏం చేస్తారో వూహించండి.

ఇది లేనిపోని భయపెట్టడం కాదు. 2017 మే 12న వాన్నాక్రై అనే మాల్‌వేరు ప్రపంచమంతటా లక్షల యంత్రాలలోని ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బు అడిగింది. ఇంగ్లండులో ఆస్పత్రులు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కాయి. అది దూరిన కంతకు అతుకు ఆ ఏడాది మార్చిలోనే విడుదలయింది. రెండు నెలలపాటు ఆ అతుకు వేసుకోనివారే ఎక్కువగా బలయ్యారు. "అప్‌డేటు" అనే మాటకు అర్థమేమిటో చెప్పడానికి ఇంతకు మించిన పాఠం అక్కరలేదు. ఇక 2017లో కేంద్రం ప్రారంభించిన దీక్షా వేదిక సంగతి. అందులోని పది లక్షలమందికి పైగా ఉపాధ్యాయుల పేర్లూ, ఫోను నంబర్లూ, మెయిలు చిరునామాలూ ఒక సర్వరులో తాళం లేకుండా ఏడాదికి పైగా పడి వున్నాయని 2023 జనవరిలో బయటపడింది. లక్షలాది విద్యార్థుల వివరాలు కూడా వాటిలో వున్నాయి. ఆ ఉపాధ్యాయులు మనమే. ఆ పిల్లలు మన పిల్లలే. ఈ వార్తకు మన సంఘాల్లో ఎంత చర్చ జరిగింది? జరగకపోవడానికి కారణం ఉదాసీనత ఒక్కటే కాదు. ఏం పోయిందో, పోతే ఏమవుతుందో, ఎవరిని ఏమని నిలదీయాలో తెలియకపోవడం కూడా.

6

ఇక ఎదుటి వాదనలు చూద్దాం.

మొదటి వాదన: "ఉపాధ్యాయుడు మేధావి, మెకానిక్కు కాదు. అతని చేతికి స్క్రూడ్రైవరు ఇస్తే వృత్తి గౌరవం దిగజారుతుంది." ఈ వాదనను అగ్రహారంలో విన్నా ఆశ్చర్యపోను. మన పత్రికల్లో చదవవలసి రావడమే విడ్డూరం. చేతిపని తక్కువ, తలపని ఎక్కువ అన్న విభజనమీదనే కదా మన సమాజంలో కులమూ వర్గమూ రెండూ నిలబడ్డాయి! మానసిక విద్య, శారీరక విద్య, సాంకేతిక విద్య ఈ మూడూ కలిస్తేనే పిల్లవాడికి చదువవుతుందని 1866లోనే మార్క్స్ ప్రతిపాదించాడు. పిల్లవాడికి ఉత్పత్తి సూత్రాలతోపాటు పనిముట్టు పట్టడమూ రావాలన్నాడు. పిల్లవాడికి రావలసింది మాస్టారికి రాకూడదా? సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో, చదువు మధ్యలో ఆపిన కుర్రవాళ్ళు ఉస్తాదుల దగ్గర నిలబడి నేర్చిన విద్యకు పట్టభద్రులమైన మనం దణ్ణం పెట్టి డబ్బిస్తున్నాం. ఆ కుర్రవాళ్ళ విద్యను విద్యగా గుర్తించి కాలేజీలోకి తీసుకురావడమే ప్రజాస్వామిక దృష్టి.

రెండవ వాదన బరువైనది. "ఇప్పటికే ఉపాధ్యాయుడి నెత్తిన బోధనేతర పనులు కొండంత వున్నాయి. హాజరు యాప్, మధ్యాహ్న భోజనం యాప్. ఇక మరమ్మతు కూడా అతని మెడకే చుడతారా?" ఈ ఆవేదన న్యాయమైనది. ప్రభుత్వం రేపు ఈ శిక్షణను సాకుగా తీసుకుని సాంకేతిక సిబ్బంది వుద్యోగాలు ఎత్తివేస్తే మనం ఎదిరించవలసిందే. కాని శిక్షణ వేరు, చాకిరీ వేరు. ప్రథమ చికిత్స నేర్చుకున్న మాస్టారు ఆస్పత్రిలో డ్యూటీ చేయనక్కరలేదు. పైగా, తెలియనితనం చాకిరీని తగ్గించిందా? తగ్గించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో ముఖం గుర్తుపట్టే హాజరు యాప్ పెట్టినప్పుడు, ప్రభుత్వ పనికి సొంత ఫోను ఎందుకు వాడాలని ఉపాధ్యాయ సంఘాలు ప్రశ్నించాయి. మంచి ప్రశ్న. దాని వెనుకనే మరికొన్ని ప్రశ్నలు రావాలి. ఈ యాప్ నా ఫోనులో ఏమేమి అనుమతులు అడుగుతున్నది? నా ముఖచిత్రం ఏ సర్వరులో, ఎంతకాలం వుంటుంది? ఎవరు చూడగలరు? నేను వుద్యోగం వదిలితే చెరిపివేస్తారా? ఈ ప్రశ్నలు అడగాలంటే వాటి గురించి కొంత తెలిసి వుండాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చట్టం చేసింది. చట్టం పుస్తకంలో వుంటుంది, దాన్ని ఉపయోగించుకునే తెలివి మనలో వుండాలి. మరమ్మతు చేయడానికే కాదు, "ఇది చేయను" అని కారణంతో సహా చెప్పడానికి కూడా యంత్రం తెలియాలి.

మూడవ వాదన: "కంప్యూటరు పెట్టుబడి చేతిలోని ఆయుధం. దానికి శిక్షణ ఇవ్వడమంటే పెట్టుబడికి కూలీలను తయారు చేయడమే." యంత్రంమీద కోపం కొత్తది కాదు. మగ్గాలు బద్దలుకొట్టిన కార్మికులనుంచి సంఘాలు పెట్టుకున్న కార్మికులదాకా చరిత్ర నడిచిన దారి ఈ మిత్రులకు తెలియనిది కాదు. నిజానికి ఇప్పుడు నడుస్తున్న శిక్షణే వారు చెప్పిన కూలీలను తయారు చేస్తున్నది. ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కేవాడు, ఏ పెట్టెలో టిక్కు పెట్టమంటే ఆ పెట్టెలో పెట్టేవాడు, అతడే కదా కంపెనీకి కావలసినవాడు! మూత విప్పి చూసినవాణ్ణి మోసగించడం కష్టం. అందుకే మూతకు సీలు వేసి, "విప్పితే వారంటీ చెల్లదు" అని రాస్తున్నారు.

నాల్గవది భాషకు సంబంధించినది. "ఈ విద్య ఇంగ్లీషులోనే సాధ్యం, తెలుగు మాధ్యమంలో చదివిన ఉపాధ్యాయుడికి అందదు" అని ఒక పక్షం. వారికి జవాబుగా మరొక పక్షం రౌటరును "మార్గనిర్దేశకం" అనీ, ఫైర్‌వాలును "అగ్నికుడ్యం" అనీ రాసి తెలుగును వుద్ధరించామనుకుంటున్నది. ఇద్దరూ కలిసి చేసే పని ఒక్కటే, మామూలు మనిషిని గుమ్మం బయట నిలబెట్టడం. గిడుగు రామమూర్తిగారు పోరాడింది ఇలాంటి పండితుల మీదనే. మెకానిక్కు నోట "ర్యాము ఊడింది", "కేబులు కట్టయింది", "పోర్టు పోయింది" అన్న మాటలు శుభ్రమైన తెలుగు వాక్యాలు. క్రియలు మనవి, వ్యాకరణం మనది. ఆ తెలుగులో పాఠం రాయండి, ఏ పల్లెటూరి ఉపాధ్యాయినికైనా అర్థమవుతుంది. ఇది తెలుగు అధ్యాపకుల బాధ్యత, ఇంజనీర్లమీదికి నెట్టి తప్పించుకునేది కాదు. యూనికోడులో తెలుగు 1991 నుంచీ వుంది. అయినా ఈనాటికీ మన ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో తయారై, మరొక యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలుగా కనిపిస్తున్నాయి. మన అక్షరమే యంత్రంలో ఎలా నిలుస్తుందో తెలుసుకోని మనం ఎవరిని నిందించగలం?

7

నేను కోరేవి ఇవి. బి.ఎడ్., డి.ఎల్.ఎడ్. కోర్సుల్లో పెట్టె, తీగ, తాళం ఈ మూడూ చేతితో చేసి నేర్చుకునే అంశాలుగా వుండాలి. పరీక్ష రికార్డుమీద కాదు, చెడిపోయిన యంత్రంమీద జరగాలి. ఒక లోపమున్న కంప్యూటరును విద్యార్థి ముందు పెట్టి, ఏ క్రమంలో వెదికాడో చూసి మార్కులు వేయాలి. బాగుచేయలేకపోయినా, సరిగ్గా వెదికితే మార్కులు రావాలి. ప్రతి శిక్షణ కాలేజీలో పనికిరావని రాసిన యంత్రాలను వేలం వేయకుండా విప్పి చూసుకోవడానికి వుంచాలి. శిక్షణకోసం విప్పిన వస్తువు చెడితే ఉపాధ్యాయుడి జీతంలో కోత వుండదని లిఖితపూర్వకంగా ఉత్తర్వు రావాలి. ఇది లేనిదే తక్కినవన్నీ కాగితం మీదనే వుంటాయి. ప్రతి మండలానికీ సక్రమమైన జీతంతో, పర్మనెంటు వుద్యోగంతో సాంకేతిక నిపుణుడు వుండాలి. 2013లో వీధిన పడ్డవారి అనుభవాన్ని తిరిగి పిలవాలి. ఏ యాప్ పెట్టినా, ఏ సమాచారం అడిగినా, అది ఎక్కడికి పోతుందో ఉపాధ్యాయ సంఘాలకు ముందుగా తెలియజేయాలి.

ప్రభుత్వం చేసేదాకా కూర్చోవలసిన అవసరమూ లేదు. ఒకనాడు గ్రంథాలయాలనూ రాత్రిబడులనూ మనవాళ్ళు ప్రభుత్వం పెట్టిపెడితే నడిపినవి కావు. ఉపాధ్యాయ సంఘాల కార్యాలయాల్లో, విద్యార్థి సంఘాల సెలవు శిబిరాల్లో ఒక పాత యంత్రం, ఒక స్క్రూడ్రైవరు, నాలుగు మీటర్ల కేబులు, ఒక క్లిప్పు కొట్టే పటకారు వుంటే ఈ చదువు మొదలవుతుంది. కొత్తగా నియామకపత్రం అందుకున్న ఉపాధ్యాయులను ముందు పిలవండి. ఇంకా భయం అలవాటు కానివారు వారే.

నా వాదనలో లోపాలుంటే మిత్రులు చూపాలి. ముఖ్యంగా పనిభారం గురించి ఉపాధ్యాయ సంఘాల కార్యకర్తలు ఏమంటారో ఈ పత్రికలోనే రాయాలని కోరుతున్నాను. అయితే, "అది మన పని కాదు" అన్న ఒక్క మాటతో మాత్రం ఈ చర్చను ముగించవద్దని మనవి. ఆ మాట చెప్పి మనం తప్పుకున్న ప్రతిచోటా ఒక వెండరు వచ్చి కూర్చున్నాడు.